రెండు టన్నుల ధర్మసందేహం

మా బావమరిది పికప్ బండి కొనాలని నిశ్చయించుకున్న రోజున ముందుగా కొన్నది రెండు వందల పేజీల నోటుబుక్కు. ఎడమ పేజీకి మహీంద్రా బొలెరో మ్యాక్స్ అని, కుడి పేజీకి టాటా యోధ అని శీర్షికలు పెట్టి, మధ్యలో స్కేలుతో ఎర్ర గీత గీశాడు. "డిగ్రీలో ఇంత శ్రద్ధగా రాసి ఉంటే సప్లిమెంటరీ ఫీజులన్నా మిగిలేవి" అని మా మామగారు అన్నారు. ఆ మాటలో పరిశోధన పట్ల గౌరవం లేదు కనుక ఈ వ్యాసంలో దాన్ని పరిగణించడం లేదు.

అవసరం మాత్రం నిజమైనదే. నల్లగొండ పక్కన ఆరెకరాల బత్తాయి తోట ఉన్నవాడికి కాయ కోయించడం ఒక ఎత్తు, దాన్ని మార్కెట్టుకు చేర్చడం మరో ఎత్తు. పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారంలో ఉన్నన్నాళ్లూ హైదరాబాదు ట్రాఫిక్కునూ బండి కిరాయినీ కలిపి తిట్టుకునేవాళ్లం. 2021లో మార్కెట్టు నగరం బయటికి, విజయవాడ రహదారి మీది బాటసింగారానికి వచ్చేసింది. ఇక తిట్టుకోవడానికి కిరాయి ఒక్కటే మిగిలింది. సొంత బండి ఉంటే అదీ పోతుందని బావమరిది ఆశ. దాని స్థానంలోకి నెలసరి వాయిదా వస్తుందని ఆ సమయంలో గుర్తు చేయడం మర్యాద కాదని నేను ఊరుకున్నాను.

నోటుబుక్కులో మొదటి పన్నెండు పేజీలు చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. యోధ అనే పేరు 2017లో వచ్చిందట. 2022 సెప్టెంబరులో యోధ 2.0 అంటూ రెండు టన్నులు మోసే రకాన్ని దింపారు. ఏడాది తిరగకుండానే, 2023 ఏప్రిల్‌లో, బొలెరో మ్యాక్స్ కూడా రెండు టన్నుల దాకా మోసే రకంతో ఎదురు నిలిచింది. యోధది 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్, 100 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. బొలెరోది 2.5 లీటర్లు, 80 హార్స్‌పవర్, 220 న్యూటన్ మీటర్లు. పెద్ద ఇంజన్‌కు చిన్న బలమూ, చిన్న ఇంజన్‌కు పెద్ద బలమూ ఏమిటని అతనికి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

"బావా, ఈ న్యూటన్ మీటరంటే ఏమిటి?" అని మూడో రాత్రి ఫోను చేశాడు.

బరువుతో ఆగిన బండిని కదిలించడానికి చక్రాన్ని తిప్పే బలం ఎంతో చెప్పే కొలత అన్నాను. న్యూటన్ ఎవరని అడిగాడు. ఆపిల్ చెట్టు కింద కూర్చుని కాయ ఎందుకు కింద పడిందని ఆలోచించినవాడని చెప్పాను. కొంతసేపు మౌనం. "మన బత్తాయి చెట్టు కింద కూర్చుని ఉంటే, పడిన కాయ మార్కెట్టుకు చేరేసరికి బరువు ఎందుకు తగ్గిందని ఆలోచించేవాడు" అన్నాడు. తరుగు సిద్ధాంతానికి నోబెల్ బహుమతి ఎందుకు ఇవ్వరో నాకూ ఇంతవరకు అర్థం కాలేదు.

పదమూడో పేజీ నుంచి నిపుణుల అభిప్రాయాలు మొదలవుతాయి. మా పెద్దమామగారు ట్రాక్టరు తప్ప మరేదీ నడిపి ఎరగరు. కాబట్టి ఆయన ఏ బండి పట్లా పక్షపాతం లేకుండా మాట్లాడగలిగారు: తిరిగి అమ్మితే ఏది ఎక్కువ ధర పలుకుతుందో అదే కొనమన్నారు. అంటే ఇంకా కొనని బండిని ఎవరికి అమ్మాలో ముందుగా తేల్చుకోవాలి. రిటైరైన లెక్కల మాస్టారు మైలేజీకి ఒక సూత్రం రాసిచ్చారు. అందులో గాలి వేగం కూడా ఉంది. అమెరికాలో టెక్సస్‌లో ఉండే పెద్దమామగారి కొడుకు వీడియో కాల్‌లో తన పికప్ చూపించాడు. 6.7 లీటర్ల ఇంజన్ అట. మన రెండు బండ్ల ఇంజన్లూ కలిపితే నాలుగు లీటర్ల ఏడువందలు, ఇంకా రెండు లీటర్లు తక్కువే. ఆ రోజు ఆ వాహనం వెనుక భాగంలో ఉన్నవి ఒక పాల డబ్బా, ఒక కొత్తిమీర కట్ట. అక్కడ బండి ఎక్కువ, బరువు తక్కువ. ఇక్కడ దీనికి తలకిందులు. ప్రపంచంలో సమతుల్యం అలా నిలబడుతూ ఉంటుంది.

అసలు శాస్త్రచర్చ జరిగింది మెకానిక్ షెడ్డులో. నల్లగొండ బైపాస్ పక్కన రేకుల కింద పనిచేసే ఆ పెద్దమనిషి నోటుబుక్కును చూడనైనా చూడలేదు. "ఏదైనా కొనండి. తెచ్చిన రోజే కమాన్ కట్టల్లో రెండేసి పట్టీలు ఎక్కువ వేసేద్దాం" అన్నాడు. కమాన్ కట్టలంటే బండి కింద బరువును ఆపే ఉక్కు పట్టీల స్ప్రింగులు. రెండు కంపెనీల ఇంజనీర్లు ఏళ్ల తరబడి లెక్కలు కట్టి తేల్చిన రెండు టన్నులను ఆయన ఒక్క సుత్తి దెబ్బతో మూడున్నర చేశాడు. బావమరిది ఆ రోజు నోటుబుక్కులో రాసుకున్నది ఒకే వాక్యం: "కంపెనీ వాళ్లు భయపడి తక్కువ రాస్తారు."

ఇక్కడ ఈ వ్యాసకర్త కొంచెం ఆగి కమాన్ కట్టల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాడు. పట్టీలు పెంచితే బండి వెనక భాగం వంగదు. అంతే. బ్రేకులు పాతవే, ఇరుసు పాతదే, టైర్లు పాతవే, ఛాసిస్ పాతదే. మోకాళ్లు అరిగిన మనిషికి ఇస్త్రీ చొక్కా తొడిగితే నిటారుగా కనిపించినట్టు, అధిక బరువున్న బండి అధిక బరువు లేనట్టు కనిపిస్తుంది. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కి ఎనభై వేగంలో పోతుండగా ముందు ఆర్టీసీ బస్సు ఆగిందనుకోండి, బండి ఎంత దూరంలో ఆగాలన్న విషయంలో కమాన్ కట్టలకు ఓటు హక్కు లేదు. మెకానిక్‌కు ఇది తెలియదని అనుకోకండి. ఆయన సొంత బండికి పట్టీలు వేసుకోలేదు.

అసలు మన ప్రాంతంలో రెండు టన్నులు అనే అంకెకు అర్థం ఏమిటో కంపెనీలకు ఎవరూ చెప్పినట్టు లేదు. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా నలభై కిలోలు. అంటే రెండు టన్నులకు యాభై బస్తాలు. యాభై బస్తాలు వేశాక ట్రాలీ మీద ఇంకా ఎంతో ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది. అంత ఆకాశాన్ని వృథా చేస్తూ మిర్యాలగూడ రైసు మిల్లు దాకా వెళ్లడానికి ఏ మనిషికి మనసొప్పుతుంది? పైగా ఎనభయ్యో బస్తా మీద ఇద్దరు హమాలీలు కూర్చుంటే తప్ప లోడు పూర్తయినట్టు కాదు. కూర్చునేవాళ్లు పైన ఉంటేనే కింద బస్తాలు కదలవని ఒక ప్రాచీన నమ్మకం.

చట్టం మాత్రం ఈ ప్రాచీన విజ్ఞానాన్ని గుర్తించలేదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి, పరిమితి దాటి బరువు వేస్తే 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా అన్నారు. ఎక్కువైన సరుకును అక్కడే దించాలి కూడా. కాటా మీదికి రాను, ఆపను అని మొండికేస్తే 40,000. అంటే మోసిన నేరం కన్నా తూకానికి భయపడిన నేరం పెద్దది. ఈ సెక్షన్ రాసినవారెవరో మనిషి స్వభావం తెలిసినవారు. ఈ వివరాలన్నీ చదివి వినిపిస్తే బావమరిది శ్రద్ధగా విని, "జరిమానా వేసే లోపల ఎన్ని ట్రిప్పులు కొట్టొచ్చు?" అని కొత్త గడి గీశాడు.

అంతకన్నా విడ్డూరం లైసెన్సు సంగతి. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని విడిగా మరో అనుమతి లేకుండా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది. అది బండి, సరుకు కలిపిన గరిష్ఠ పరిమితికి సంబంధించిన మాట, డ్రైవరు లైసెన్సుకు సంబంధించిన మాట. మా బావమరిది నోటుబుక్కులో మాత్రం ఇలా ఉంది: "సుప్రీంకోర్టు: ఏడున్నర టన్నులు. కంపెనీ: రెండు టన్నులు. కోర్టు పెద్దదా, కంపెనీ పెద్దదా?" ఆ ప్రశ్నార్థకం కింద రెండు గీతలు.

రోడ్ల మాటా చెప్పాలి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపుతో ఆగదు. రోడ్ల ఇంజనీర్లు నాలుగో ఘాతం లెక్క వేస్తారు. అంటే సుమారు పదహారు రెట్లు. మా ఊరి రోడ్డు వేసిన రెండో ఏడుకే గుంతలు పడితే కాంట్రాక్టరు తిన్నాడని ఊరంతా ఒప్పుకుంది. తిన్నాడో లేదో నాకు తెలియదు. అతను మిగిల్చినదాన్ని తిన్నది ఎవరో మాత్రం తెలుసు. ప్రతి రాత్రీ మా ఇంటి ముందు నుంచే వెళతారు.

ఇంతలో 2025 సెప్టెంబరు 22 వచ్చింది. సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బావమరిది మనసు ఉప్పొంగింది. తగ్గిన డబ్బుతో వాయిదాల భారం దించుకుంటాడనుకున్నాను. దించుకోలేదు. ఆ డబ్బు కమాన్ పట్టీలకు, ట్రాలీ చుట్టూ మూడడుగుల ఎత్తు పెంచే ఇనుప జాలికి, అద్దం మీద ఇంటి దేవుడి పేరుకు సరిగ్గా సరిపోయింది. కేంద్ర ప్రభుత్వం వదులుకున్న పన్ను అలా మా జిల్లాలో ఇనుము రూపం దాల్చింది.

చివరికి రెండు పేజీల్లో ఏది గెలిచింది? మార్కులు కూడితే ఇద్దరికీ నూట ముప్పై ఏడు చొప్పున వచ్చాయి. మూడు నెలల పరిశోధన సమానమైన తీర్పు ఇచ్చేసరికి ఇంట్లో పెళ్లివారు వెనుదిరిగినంత నిశ్శబ్దం. అప్పుడు మా బావమరిది భార్య వంటింట్లోంచే అంది: "మా అక్కవాళ్లు కొన్నది ఏదో చూసి, రెండోది కొనండి." తోడల్లుడి బండి పేరు వినగానే నిర్ణయం అరనిమిషంలో అయిపోయింది. 220, 250 న్యూటన్ మీటర్లను కలిపి కట్టినా తోడల్లుడి మీద ఉండే పట్టుదల టార్కుకు సాటిరాదు. తోడల్లుడు ఏది కొన్నాడో నేను రాయను. రాస్తే వచ్చే సంక్రాంతికి అత్తగారింట్లో నాకు పెట్టే అరిసెల సంఖ్య మీద ప్రభావం ఉంటుంది.

ఈ మూడు నెలల్లో అభిప్రాయం అడగని మనిషి ఒక్కడే ఉన్నాడు. బండి నడపబోయే డ్రైవరు. షోరూముకు కూడా అతన్ని తీసుకెళ్లలేదు. సీటు సరిపోయే నలుగురిలో సర్పంచి, మాస్టారు, మామగారు, బావమరిది ఉన్నారు మరి.

చెరువుగట్టు గుడిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కట్టారు. గుడి నుంచి ఇంటికి తెచ్చిన కొబ్బరి చిప్పలు, రెండు కిలోల పులిహోర ఆ బండి చట్టానికి లోబడి మోసిన మొదటి సరుకు. చివరి సరుకు కూడా.

మర్నాడు తోటలో కాయ ఎక్కించారు. జాలి అంచు దాటి పైకి గోపురంలా పేర్చారు. నేనూ వెంట వెళ్లాను. చౌటుప్పల్ దాటేదాకా డ్రైవరు ఒక్క మాటా మాట్లాడలేదు, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని రోడ్డును చూస్తూనే ఉన్నాడు. బాటసింగారంలో బండి కాటా ఎక్కింది. ఖాళీ బండి బరువు తీసేస్తే కాయ 3,420 కిలోలని చీటీ వచ్చింది.

మా బావమరిది ముఖం ఎర్రబడింది. చట్టం ప్రకారం దాదాపు టన్నున్నర ఎక్కువ మోసినట్టు ముద్ర పడిన కాగితం చేతిలో పెట్టుకుని, కాటా మనిషి మీద విరుచుకుపడ్డాడు. "తోటలో నేను లెక్కపెట్టి ఎక్కించాను. 3,480 ఉండాలి. అరవై కిలోలు ఎక్కడికి పోయాయి? నేను వేసిన బరువును తక్కువ చేసి చూపిస్తే ఊరుకుంటానా?" అని అరుస్తుంటే నలుగురు మూగారు. పక్కనే ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన టీ తాగుతూ ఆసక్తిగా వింటున్నాడు. అదృష్టవశాత్తూ ఆయన మార్కెట్టు వాచ్‌మన్. తర్వాత వ్యాపారి తరుగు అన్నాడు. అక్కడ ఇంకో అరగంట పోయింది.

కాయ దించాక ఖాళీ ట్రాలీ నాలుగంగుళాలు పైకి లేచింది. డ్రైవరు చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ చేత్తో తడిమి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "అన్నా, పోయేటప్పుడన్నా ఖాళీగా పోదామని మీరు చెప్పండి. ఈ బండి అసలు ఎలా నడుస్తుందో ఒక్కసారి చూడాలని ఉంది."

చెబుదామని తిరిగి చూశాను. బావమరిది ఒక చెవికి ఫోను ఆనించుకుని, ఇంకో చేత్తో నోటుబుక్కు మీద రాసుకుంటూ, సిమెంటు బస్తాలు ఎన్నో అడుగుతున్నాడు.