ఇంటర్వ్యూలో మాటకు విలువ ఏడు శాతమేనా?

బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటున్న తెలుగువారి వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం తిరుగుతోంది. ఇంటర్వ్యూలో మాటలకున్న విలువ 7 శాతమేననీ, తక్కిన 93 శాతం గొంతుదీ హావభావాలదీననీ, మొదటి ఏడు సెకన్లలోనే ఫలితం తేలిపోతుందనీ, సొంత యాస వినిపించే ఇంగ్లీషుతో నెగ్గడం కల్ల అనీ, తెలియని ప్రశ్నకు ‘తెలియదు’ అన్నవారి పని అంతటితో సరి అనీ దాని సారాంశం. మరతహళ్లి, బీటీఎం లేఔట్ పీజీలలో నెలనెలా అద్దె కడుతూ, ఇంటి నుంచి డబ్బు అడగడానికి మొహమాటపడుతూ ఉన్న పిల్లలు దీన్ని నమ్మి, చదువుకోవలసిన సాయంత్రాలను అద్దం ముందు నవ్వు సాధన చేయడానికి వెచ్చించడం చూస్తున్నాను కనుక, ఈ మాటలకు వరసగా జవాబు చెప్పదలచుకున్నాను.

ఆ 93 శాతానికి మూలం, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన ఆల్బర్ట్ మెహ్రాబియన్ సహచరులతో కలిసి 1967లో ప్రచురించిన రెండు అధ్యయనాలు. వాటిలో ఒకదానిలో ‘మేబీ’ అనే ఒకే ఒక్క మాటను ఇష్టంగానూ, అయిష్టంగానూ, ఏ భావమూ లేకుండానూ పలికించి రికార్డు చేశారు. ఆ రికార్డును వినిపిస్తూ, వేర్వేరు ముఖకవళికలున్న ఫొటోలు చూపి, పలికిన మనిషికి ఎదుటివారంటే ఇష్టమో కాదో చెప్పమన్నారు. రెండు అధ్యయనాల ఫలితాలనూ కలిపి వేసిన లెక్కే మాటకు 7, గొంతుకు 38, ముఖానికి 55. అంటే నోటి మాట ఒకటీ ముఖం మరొకటీ చెబుతున్నప్పుడు ఇష్టాయిష్టాలను మనం దేన్నిబట్టి పోల్చుకుంటామన్నదే అక్కడి ప్రశ్న. భావాల గురించో ఇష్టాయిష్టాల గురించో మాట్లాడే సందర్భానికి తప్ప ఈ సూత్రం వర్తించదని మెహ్రాబియన్ స్వయంగా స్పష్టం చేశారు. ఈ లెక్క అన్ని మాటలకూ వర్తించేదే అయితే, కన్నడం రాని మనకు మెజెస్టిక్ బస్టాండులో బస్సు కండక్టరు చెప్పేదంతా ఆయన ముఖం చూస్తేనే అర్థమైపోవాలి. ఇంటర్వ్యూలో, డేటాబేస్ టేబుల్‌లో ఇండెక్స్ (కావలసిన వరుసను త్వరగా వెతికిపెట్టే సూచిక) ఎందుకు పెట్టావని అడిగినవారికి కావలసింది కారణం. దాన్ని మాటల్లో చెప్పడం తప్ప మార్గం లేదు.

ఏడు సెకన్ల మాటలో కొంత నిజం ఉంది, ఆ కొంత ఎంతో చూడాలి. ముఖాన్ని సెకనులో పదో వంతు చూసినా మనుషులు ఒక అభిప్రాయానికి వస్తారని 2006లో విల్లిస్, టోడొరోవ్ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు. అయితే అభిప్రాయం వేరు, నిర్ణయం వేరు. ఇంటర్వ్యూ చేసేవారు ఎంతసేపటికి నిర్ణయానికి వస్తున్నారో 2016లో రేచల్ ఫ్రీడర్, ఆమె సహచరులు పరిశీలించినప్పుడు, మొదటి నిమిషంలోనే తేల్చుకున్న సందర్భాలు సుమారు 5 శాతమే. పైగా ఇక్కడి చాలా కంపెనీలలో మొదటి మెట్టు ఆన్‌లైన్ పరీక్షో ఫోన్ రౌండో అవుతుంది. అక్కడ కరచాలనానికి చోటే లేదు. ఆ తర్వాత, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతలతో మార్కులు వేసే పద్ధతి ఉంది. ఎంపిక పద్ధతులపై జరిగిన పాత పరిశోధనలను 2022లో పాల్ శాకెట్ బృందం మళ్లీ లెక్కగట్టినప్పుడు, ఉద్యోగంలో పనితీరును అంచనా వేయడంలో ఈ తరహా ఇంటర్వ్యూకే మొదటి స్థానం దక్కింది. శుభ్రమైన బట్టలతో, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను లెక్కలో వేసుకుని వేళకు చేరడం మంచిదే. దానికి సాధన అక్కరలేదు.

యాస గురించిన మాట అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తోంది. తెలుగు మీడియంలో చదివి, అనంతపురం నుంచో మదనపల్లె నుంచో వచ్చిన పిల్లలు ఇది చదివి సగం ధైర్యం అక్కడే పోగొట్టుకుంటున్నారు. ఈ ఊళ్లో బల్లకు అవతల కూర్చునేవారిలో తమిళులు, మలయాళీలు, ఒడియావారు, బెంగాలీలు అందరూ ఉంటారు, ఎవరి ఇంగ్లీషు వారిదే. ఆదివారాలు తెలిసినవారి పిల్లలకు నేను మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఈమధ్య ఒక అబ్బాయి బట్టీపట్టిన స్వపరిచయాన్ని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పాడు, అందులో ఒక్క ముక్క కూడా నా చెవిన నిలవలేదు. ప్రాజెక్టులో తలనొప్పి తెచ్చిపెట్టింది ఏమిటని అడిగితే కాసేపు ఆగి, ‘డైలీ ఫైల్ కమింగ్, సేమ్ బిల్ టూ టైమ్స్ కమింగ్, ఐ చెక్ బిల్ నంబర్ అండ్ డేట్, దెన్ రిమూవ్’ అన్నాడు. వ్యాకరణం కుదరలేదు కానీ, సమస్య ఏమిటో, ఏ రెండు కాలమ్‌లతో దాన్ని పట్టుకున్నాడో పూర్తిగా తెలిసింది. బిల్లు నంబరు ఒక్కటే ఎందుకు సరిపోలేదని అడిగాను. ప్రతి దుకాణం ఏటా నంబర్లను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుందన్నాడు. ‘మరి రెండు దుకాణాల్లో ఒకే రోజు ఒకే నంబరు పడితే?’ అన్నాను. ‘అన్నా, అది చూడలేదు, స్టోర్ కోడ్ కూడా కలపాలి’ అని తానే దిద్దుకున్నాడు. సాఫీగా మాట్లాడగలగడం ఉపయోగమే, కస్టమర్లతో నేరుగా మాట్లాడే ఉద్యోగాల్లో అవసరం కూడా. దానికి కావలసింది స్పష్టత, అరువు తెచ్చుకున్న యాస కాదు.

ఇక ‘తెలియదు’ అనకూడదన్న సలహా. మనకు ఎంతవరకు వచ్చో తెలుసుకోవడానికి, మనం ఆగిపోయేదాకా అడుగుతూ పోవడం ఇంటర్వ్యూ చేసేవారికి మామూలే. ఏదో ఒకచోట ఆగిపోవడం తప్పు కాదు. కల్పించి చెబితే దానిమీద మరో ప్రశ్న వస్తుంది, దానికోసం మరొకటి కల్పించాలి, అప్పటిదాకా నిజంగా చెప్పిన వాటిపైనా అనుమానం మొదలవుతుంది. క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) ఎందుకు నెమ్మదించిందో తెలియనప్పుడు, ‘కారణం ఇప్పుడే చెప్పలేను, ముందు అది ఎలా నడుస్తుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ ఆదేశం పెట్టి, టేబుల్ మొత్తాన్ని చదువుతోందా, ఇండెక్స్‌ను వాడుకుంటోందా అని చూస్తాను’ అంటే అది జవాబే. నేను ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు అలాంటి జవాబుకు మార్కులు వేశాను. నోటికొచ్చిన పేరేదో చెప్పి దాటవేయబోయినవారి విషయంలో, ఆ సంగతి అభిప్రాయ పత్రంలో రాశాను.