తెలుగు మీడియం సంగతి తర్వాత, ముందు తెలుగొచ్చిన టీచర్ని అడగండి

దక్షిణ ఒడిశాలో, పర్లాకిమిడిలో గానీ, కాశీనగర్‌లో గానీ, బరంపురంలో గానీ, తెలుగు సంఘం మీటింగు ఎక్కడ జరిగినా చివర్లో చదివే తీర్మానం మాత్రం మారదు. మూతపడ్డ తెలుగు మీడియం బడులు తెరవాలి, మిగిలినవాటిని కాపాడాలి. అందరూ చప్పట్లు కొడతారు. మర్నాడు పొద్దున్నే ఆ చప్పట్లు కొట్టినవాళ్ల మనవలే టై కట్టుకుని ఇంగ్లీషు మీడియం స్కూలు బస్సెక్కుతారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. గజపతి జిల్లాలో లెక్కల మాస్టారుగా పనిచేసిన నాకు ఆ తీర్మానం మీద నమ్మకం ఎప్పుడో పోయింది. దాన్ని పక్కన పెట్టి, ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లల ఇంటిభాష వచ్చిన టీచర్ని అడగాలి. బడి ఏ మీడియమైనా సరే.

ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 నాటి కథ మళ్లీ చెప్పను. పర్లాకిమిడి ఎటు పోవాలన్న తగాదా, మహారాజు పట్టుదల, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసులో మిగిలిపోవడం, మనం ఒడిశాలో కలవడం ఈ వ్యాసం చదివేవాళ్లకు కొత్తేమీ కాదు. ఆ లెక్క తేలిపోయింది. ఇప్పుడు ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లాడికి దానితో పని లేదు.

ఆ పిల్లాడి కష్టమేమిటో దగ్గర నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో, వీధిలో తెలుగే. బడిలో గురుమా, అంటే టీచరమ్మ, మాట్లాడేది ఒరియా. ఒంటేలుకు వెళ్లాలని ఏ మాటల్లో అడగాలో తెలియక నిక్కరు తడుపుకుంటాడు. తోటివాళ్లు నవ్వుతారు. మర్నాడు బడికి రానని మారాం చేస్తే ఇంట్లోవాళ్లు అల్లరనుకుంటారు. రెండో నెలకల్లా టీచరుగారి నోట 'మొద్దు' అన్న ముద్ర పడుతుంది. ఇందులో టీచరుగారి తప్పేమీ లేదు. పై జిల్లాల నుంచి పోస్టింగు మీద వచ్చిన ఆవిడకు తెలుగు ముక్క రాదు.

లెక్కల్లో ఇది ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. మూడో తరగతి పిల్ల పలక మీద 24లోంచి 9 తీసివేత చకచకా చేసేస్తుంది. అదే లెక్క ఒరియా పుస్తకంలో మామిడిపళ్లు, బుట్టలు, పంచడాలతో వచ్చేసరికి పుస్తకం వదిలేసి నా మొహం చూసేది. "కూడాలా సార్, తీసేయాలా?" అని గొంతు తగ్గించి అడిగేది. నా కళ్లలో జవాబు దొరుకుతుందేమోనని ఆశ. నేను అదే లెక్కను తెలుగులో చెప్పడం మొదలుపెడితే, పూర్తి చేయకముందే జవాబు వచ్చేసేది. ఆ పిల్లకు లెక్కలు వచ్చు. పరీక్షలో మాత్రం రావని తేలేది. ఇలాంటి పిల్లలను ఎంతమందిని చూశానో!

మరి తెలుగు మీడియం బడి పెడితే సరిపోతుంది కదా అంటారు. మీడియం పోతే భాష పోతుందన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఈ జిల్లాల్లో తెలుగు ఇన్నాళ్లు నిలబడింది బడి వల్ల మాత్రమే కాదు. శ్రీకాకుళంతో వియ్యాలు, టెక్కలి సంతలు, సినిమాలు దాన్ని నిలబెట్టాయి. పైగా పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లాడు ప్లస్ టూలో ఏ భాషలో చదవాలి? ఒడిశాలో ప్రభుత్వోద్యోగం కావాలంటే కనీసం మిడిల్ స్థాయిలో ఒరియా పాసై ఉండాలన్న నిబంధన ఉంది. ఒరియా రాకుండా పెరిగిన పిల్లాడిని ఆ గుమ్మం దాకా ఎవరు తీసుకెళ్తారు?

ఇక అసలు విషయం. మన సంఘాలు ఇన్నేళ్లుగా చేతిలో పెట్టుకుని వాడని ఆయుధం ఒకటుంది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక నియమం ఒప్పుకుంది. ఒక భాష మాట్లాడే పిల్లలు బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే, ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక టీచర్ని వేయాలి. వేరే బడి కట్టాలనో, వేరే మీడియం పెట్టాలనో అందులో లేదు. ఉన్న బడిలోనే టీచర్ని వేయమంటోంది. ఆ తర్వాత 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఏ అధికరణ వచ్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా 'వీలైనంతవరకు' అన్న మాట తగిలించి అదే చెప్పింది. ఆ 'వీలైనంతవరకు'ను పట్టుకుని అధికారులు తప్పించుకుంటారనుకోండి, అది వేరే సంగతి. తెలుగు మీడియం బడి అడిగితే పిల్లల్ని చూపించమంటారు, మనం చూపించలేం. టీచర్ని అడిగితే అలా కాదు. కాశీనగర్ వైపు ఒరియా మీడియం ప్రభుత్వ బడుల్లో తరగతికి పదిమంది తెలుగు పిల్లలను వెతుక్కోవాల్సిన పని లేదు. హాజరు పట్టీ తీస్తే చాలు.

టీచర్ని ఎలా వేయాలో కూడా ఒడిశా ప్రభుత్వానికి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. 2006-07 నుంచి అక్కడ గిరిజన పిల్లల కోసం బహుభాషా విద్య కార్యక్రమం నడుస్తోంది. సవర, కువి, కోయ లాంటి 10 భాషలతో మొదలై 21 భాషలకు పెరిగింది. చిన్న తరగతుల్లో పిల్లల భాషలో మొదలుపెట్టి, మెల్లగా ఒరియాలోకి దింపుతారు. ఆ భాష మాట్లాడే స్థానిక యువకుల్నే భాషా టీచర్లుగా తీసుకుంటారు. ఇదే పద్ధతి తెలుగుకూ వర్తింపజేయమని మన సంఘాలు ఎందుకు అడగవు? నామోషీ, అంతే. గిరిజనుల స్కీములో మన పేరేమిటన్న చిన్నచూపు. గోపాలపూర్ వైపు సముద్రం ఒడ్డున వలలు లాగుతూ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. అక్కడివాళ్లు నోలియాలంటారు. వాళ్ల పిల్లలకు ఇంగ్లీషు మీడియం బస్సు రాదు, తెలుగు సంఘం సభ్యత్వమూ ఉండదు. ఒకటో తరగతిలో తమ మాట అర్థమయ్యే మనిషి ఎవరికన్నా ఎక్కువగా వాళ్లకే కావాలి. మన తీర్మానాల్లో వాళ్ల ఊసే ఉండదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటుతో నష్టపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. "మాస్టారూ, మెట్రిక్ ఇక్కడ చదివించేసి ఇంటర్‌కి శ్రీకాకుళంలో వేసేస్తే సరిపోద్ది కదండీ?" అని అడుగుతుంటారు. సరిపోదు. ఆంధ్రలో ప్రవేశాల్లో స్థానికత లెక్క 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి వస్తోంది. స్థానికులకు 85 శాతం సీట్లు. చదువు ద్వారా స్థానికుడు కావాలంటే, అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసేలా వరసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. ఇంజనీరింగుకు అర్హత పరీక్ష ఇంటర్. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఇంటర్‌కి మాత్రమే పంపితే రెండేళ్లే అవుతాయి. లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీలో చదివించాక, మంచి ర్యాంకు పెట్టుకుని కౌన్సెలింగులో స్థానికేతరుడిగా నిలబడాలి. మిగిలిన 15 శాతానికి కూడా తల్లిదండ్రుల నివాసం లాంటి షరతులున్నాయి. కాబట్టి పంపదలిస్తే తొమ్మిదికే పంపండి, లేదంటే ఒడిశాలోనే చదివించండి. మధ్యలో వేలాడదీయకండి. తొమ్మిదికి పంపాలంటే ఎనిమిది దాకా ఒరియాతో పాటు తెలుగు కూడా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. అప్పుడు రెండు గుమ్మాలూ తెరిచి ఉంటాయి. దానికి కావలసింది కూడా బడిలో ఒక తెలుగు టీచరే.

ఇంతదాకా వచ్చాక ఇంకో మాట అనకుండా ఉండలేను. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తిగారి పటానికి దండలు వేస్తాం. వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలు దంచుతాం. ఆయన 1880లో 30 రూపాయల జీతం మీద టీచరుగా చేరింది మన పర్లాకిమిడిలోనే. పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారన్నది కూడా గొప్పగా చెప్పుకుంటాం. చెప్పనిది మరొకటుంది. తెలుగు వాడుక భాష కోసం పోరాడకముందే ఆయన సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చెప్పాలని పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడి నడిపారు. తెలుగువాడు తన పక్కింటి చిన్న భాషకు చేసిన పని అది. మనం ఏం చేశాం? ఆంధ్రలోని సీతంపేట కొండల్లో సవర పిల్లాడు తెలుగు బడిలో కూర్చుంటే, గజపతి కొండల్లో తెలుగు పిల్లాడు ఒరియా బడిలో పడే పాట్లే పడతాడు. అక్కడ మొద్దు అన్న ముద్ర వేసేది మన తెలుగు టీచరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర సహా 8 గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది కూడా. దాన్ని నిలబెట్టమని ఈవైపు తెలుగు సంఘం ఏదైనా ఒక్క అర్జీ పెట్టినట్టు నేను వినలేదు. మనకు కావలసిన హక్కును ఒడిశాలో అడుగుతూ, అదే హక్కు ఆంధ్రలో సవరవాడికి అక్కర్లేదన్నట్టు ఊరుకుంటే, భువనేశ్వర్‌లో మన అర్జీ తీసుకునే అధికారి మొహం మీదే అడుగుతాడు.

అందుకే ఈసారి అర్జీ వేరేలా రాయాలి. ముందు హాజరు పట్టీల నుంచి బడివారీగా, తరగతివారీగా తెలుగు పిల్లల లెక్క తీయాలి. పదిమంది ఉన్న ప్రతి తరగతికీ 1949 నియమం ప్రకారం టీచర్ని అడగాలి. గోపాలపూర్ ఒడ్డున ఉన్న బడులను పై వరసలో పెట్టాలి. బహుభాషా విద్యలో తెలుగును చేర్చమని, తీసుకునే టీచరు ఆ ఊరివాడే కావాలని రాయాలి. గజపతి జిల్లాలో ఖాళీగా ఉన్న సవర భాషా టీచర్ల పోస్టులు భర్తీ చేయమని కూడా అదే కాగితంలో అడగాలి. ఒక కాపీ సీతంపేటలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు పంపాలి. మీటింగులో చప్పట్లు కొట్టడానికి పట్టే సమయంలో హాజరు పట్టీ నకలు తీయడం అయిపోతుంది, జూన్‌లో బడులు తెరిచేలోగా మొదలుపెడితే.