హుక్కా కొనే ముందు పైపు చూడండప్పా

మా అనంతపురం పిల్లోళ్లు హుక్కా కొనేటప్పుడు ఏం చూస్తారో గమనించారా? గాజు కుండ ఏ రంగు, అడుగున లైటు వెలుగుతుందా, ఎత్తు ఎంత, రీల్ తీస్తే బాగా కనిపిస్తుందా. ఆ తర్వాత పాన్ ఫ్లేవరా, డబుల్ ఆపిలా అని గంటసేపు కొట్లాట. నోట్లో పెట్టుకునేది మాత్రం పైపు. దాని గురించి ఒక్కడూ అడగడు. పెట్టెలో ఏది వస్తే అది తగిలించి, లోపల తుప్పు పట్టి కంపు కొట్టేదాకా పీలుస్తూనే ఉంటారు.

నేనేం సాధువును కాదు. పండగలకు చుట్టాలు, స్నేహితులు మిద్దె మీద చేరినప్పుడు నేనూ నాలుగు దమ్ములు లాగుతా. ఆరోగ్యానికి మంచిదని మాత్రం ఎప్పుడూ అనను, ఆ సంగతి కిందికి వస్తా.

2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం హుక్కాను నిషేధించింది. అదే నెలలో తెలంగాణ అసెంబ్లీ హుక్కా సెంటర్లను నిషేధించే బిల్లు పాస్ చేసింది. బెంగళూరులో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మనవాళ్లు అంతకుముందు సెంటర్లకు పోయేవాళ్లు, ఇప్పుడు సొంత హుక్కా బ్యాగులో పెట్టుకుని ఊరికి దిగుతున్నారు. సెంటర్లో పైపు కడిగే పని వాడిది, కడిగాడో లేదో దేవుడికే తెలియాలి. ఇంట్లో ఆ పని మనదే కదా! చేసేవాడు కనపడడు.

ముందు ఆ ముఖమల్ పైపుల సంగతి చూద్దాం. ఎర్ర గుడ్డ, జరీ చుట్టు, రెండు చివర్లా చెక్క పిడి, చూస్తే నవాబు గారి సొత్తులా ఉంటుంది. ఆ గుడ్డ కింద లెదరో రెగ్జినో, దాని లోపల ఆకారం నిలబెట్టడానికి చుట్టచుట్టగా ఇనుప తీగ. నీళ్లు తగిలితే తీగ తుప్పు పడుతుంది, లోపలి పొర నానిపోయి కుళ్లుతుంది. కడగకుండా వదిలేస్తే పొగలోని జిగురు పొరలు పొరలుగా పేరుకుంటుంది. కడిగితే ఒక రోగం, కడగకపోతే ఇంకో రోగం. ఊళ్లో ఒక షాపులో ఇలాంటి పైపునే ‘వాషబుల్ అన్నా, గ్యారంటీ’ అని నాకు అంటగట్టాడు. ఇంటికొచ్చి కడిగి దులిపితే ఎర్రటి తుప్పు పొడి రాలింది. మార్చమని తీసుకుపోతే ‘నీళ్లలో ఎందుకు పెట్టినావ్ సామీ’ అని నన్నే అడిగాడు. వాషబుల్ అని వాడే అన్నాడు! అలాంటి పైపు గోడకు తగిలించుకోవడానికి చాలా బాగుంటుంది. నోటికి వద్దు.

పొగాకు ఉత్తరాదికి పోయిన దారి కూడా మనకు దగ్గరిదే. అక్బరు చివరి రోజుల్లో ఆయన మనిషి అసద్ బేగ్ బీజాపూరు నుంచి పొగాకు తీసుకుపోయి దర్బారులో పెట్టాడు. మన కర్నూలు వైపు ఆదోని కోట కూడా బీజాపూరు సుల్తానుల చేతికింద ఉన్నదే. ఆ పొగాకుతో పాటు ఇచ్చిన గొట్టం గురించి అసద్ బేగే రాసిపెట్టాడు: మూడు మూరల పొడవు, రెండు చివర్లా రత్నాలు, నోటి దగ్గర యెమెన్ నుంచి వచ్చిన ఎర్రరాయి. హకీము అభ్యంతరం చెప్పాడు, పాదుషా మాత్రం రుచి చూశాడు. నాకు నచ్చింది ఆ రాయి. రాయిని తుడిస్తే శుభ్రం అవుతుంది, మురికిని పీల్చుకోదు. నాలుగు వందల ఏళ్ల కింద నోటి దగ్గర ఏం ఉండాలో ఆలోచించారు. మనవాడు ఎల్‌ఈడీ లైటు గురించి ఆలోచిస్తున్నాడు.

కొనేటట్టయితే సిలికాన్ పైపు కొనండి, చివర అల్యూమినియమో స్టీలో పిడి ఉన్నది. మీటరున్నర పొడవు చాలు. అంతకంటే పొడవైతే కింద పడి దొర్లుతుంది, ఎవడో ఒకడు తొక్కుతాడు. లోపలి బెజ్జం చిటికెన వేలు పట్టేంత ఉండాలి. సన్నగా ఉంటే బలంగా లాగాలి, పొగ సరిగ్గా రాదు. అప్పుడు మనవాళ్లు చేసే పని పైన చిలుములో పొగాకును కాల్చడానికి ఇంకో బొగ్గు పెట్టడం. తప్పు పైపుది, శిక్ష ఊపిరితిత్తులకు. షాపులోనే ఒక చివర అరచేత్తో మూసి రెండో చివర నుంచి ఊదండి, ఎక్కడ గాలి పోయినా తెలిసిపోతుంది. మడిచి వదలండి. మడత అలాగే నిలబడి, ముక్కు దగ్గర పెడితే ప్లాస్టిక్ వాసన కొడితే అక్కడే పెట్టేసి రండి. కుండలోకి పైపు దూరే చోట వాచర్ వదులుగా ఉందేమో కూడా చూడండి. చాలాసార్లు పైపు బాగానే ఉంటుంది, పది రూపాయల వాచర్ దగ్గరే గాలి పోతుంటుంది.

కడగడం పెద్ద విద్యేం కాదు. ఆట అయిపోగానే, మరుసటి రోజుకు వాయిదా వేయకుండా, పిడి ఊడదీసి పైపును కొళాయికి పెట్టి గోరువెచ్చటి నీళ్లు పారించాలి. గిన్నెల సబ్బు వద్దు, ఆ వాసన సిలికాన్‌కు పట్టుకుంటే వచ్చే వారం దాకా నిమ్మకాయ సబ్బే పీలుస్తారు. పాత ఫ్లేవర్ వాసన పోకపోతే నీళ్లలో నిమ్మరసం పిండి కాసేపు పైపులో నింపి ఉంచండి. పిడిలోపల సీసాల బ్రష్‌తో రుద్దండి, అసలు జిడ్డంతా అక్కడే ఉంటుంది. మన బోరు నీళ్లు తెలిసిందే కదా, బకెట్టు అంచుకే తెల్లటి పొర కడుతుంది. పైపు లోపల కట్టదా? అందుకే ఆఖరి కడుగు క్యాన్ నీళ్లతో కడగండి, ఒక చెంబు చాలు. తర్వాత గట్టిగా విదిలించి, రెండు చివరలూ కిందికి వేలాడేట్టు దండెం మీద వేయండి. తడి పైపును చుట్ట చుట్టి బ్యాగులో పెట్టి జిప్పు వేసేవాళ్లను చూస్తే నాకు బీపీ లేస్తుంది. వాళ్లు బూజు పెంచుతున్నారు.

ఇప్పుడు అసలు పేచీ. పైపు శుభ్రంగా ఉంది, కింద నీళ్లు ఉన్నాయి, పొగ ఫిల్టర్ అయిపోయిందని అనుకునేవాళ్లతో. నీళ్లు పొగను చల్లబరుస్తాయి, దాంతో గొంతు మండదు, ఇంకా లోతుగా లాగుతారు. గంట సేపు హుక్కా దగ్గర కూర్చుంటే లోపలికి పోయే పొగ ఒక్క సిగరెట్టు పొగకు 100 నుంచి 200 రెట్లు ఉండొచ్చని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. పైపు సంగతే ఇంకో మెలిక. 2008లో బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ పరిశోధకులు లెదర్ పైపును ప్లాస్టిక్ పైపుతో పోల్చి చూశారు. లెదర్ గుండా బయటి గాలి దూరి పొగలో కలుస్తుంది, ప్లాస్టిక్ గుండా దూరదు. ప్లాస్టిక్ పైపుతో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వచ్చింది. అంటే నేను పైన కొనమన్న సిలికాన్ కూడా గాలి చొరని పైపే. శుభ్రం విషయంలో అది గెలుస్తుంది, ఈ విషయంలో ఓడిపోతుంది. అయినా తుప్పు, బూజు పీల్చడం కంటే సిలికానే మేలంటా, కాకపోతే బొగ్గులు తగ్గించి, ఆకాశం కింద కూర్చోవాలి.

మనవాళ్లు చేసేది సరిగ్గా దానికి ఎదురు. నాయన చూస్తాడని గది తలుపులు, కిటికీలు మూసి, ఏసీ వేసి, నలుగురు చుట్టూ కూర్చుంటారు. అరగంటకు తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. ‘అబ్బా, కిక్కు ఎక్కింది మామా’ అంటారు. ఎక్కింది ఫ్లేవర్ కాదురా నాయనా! కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. పొగాకు లేని హెర్బల్ ఫ్లేవర్ అయినా బొగ్గు బొగ్గే. తల బరువెక్కితే పైపు కింద పెట్టి బయట గాలిలోకి రండి, స్పృహ తప్పుతున్నట్టుంటే 108కి ఫోన్ చేయండి. నాయన తిట్లు తర్వాత తినొచ్చు.

చివరిగా, పిడికి నోటి దగ్గర తగిలించే టిప్పులు. ఒకే పిడిని పది నోళ్లు తిరగేస్తే జలుబు దగ్గర నుంచి టీబీ దాకా ఏదైనా అంటుకోవచ్చు. ప్లాస్టిక్ మౌత్ టిప్పుల ప్యాకెట్టు చాలా చవక, మనిషికొకటి పంచితే ఏం పోతుంది? పెళ్లి రిసెప్షన్‌లో హుక్కా కౌంటర్ పెట్టించే పెద్దమనుషులకు ఇది ప్రత్యేకంగా చెప్తున్నా. బిర్యానీకి అంత ఖర్చు పెట్టి, టిప్పు అడిగితే ‘అయిపోయినాయప్పా’ అంటారు. మా మిద్దె మీద మాత్రం టిప్పు లేనివాడికి పైపు ఇవ్వను, మేనమామ అయినా సరే. ఈ ఉగాదికి ఒకాయన అలిగి కిందికి దిగిపోయాడు. దిగిపోనీ.