బిల్డింగ్ కమిటీలకు ఒక శాలువా

కళాకారులకు శాలువాలు కప్పడం రోజూ చూస్తున్నాం. వాళ్లకు చోటు లేదు పొమ్మన్నవాళ్లకు కప్పాలని మాత్రం ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. అమెరికా యూనివర్సిటీల బిల్డింగ్ కమిటీలు, వాటి పైనున్న డీన్లు, ట్రస్టీలు, వాళ్లకు పైనున్న చట్టసభ సభ్యులు ఎంతో దూరదృష్టితో తలుపులు వేయకపోతే, అక్కడి యూదు స్త్రీవాద కళాకారిణుల చరిత్ర ఇంత రసవత్తరంగా ఉండేదే కాదు. వేళాకోళం అనుకోకండి. సాక్ష్యాలు పెట్టుకునే మాట్లాడుతున్నాను.

క్యాంపస్ ప్లాను గీసేవాళ్లకు లెక్కలు రావని అనడానికి వీల్లేదు. 1948లో అమెరికా యూదులు స్థాపించిన బ్రాండైస్ యూనివర్సిటీనే చూడండి. 1955 నాటికి అక్కడ యూదులకు, కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు వేరువేరుగా మూడు ప్రార్థనా మందిరాలు లేచాయి. ఒకదాని నీడ ఇంకోదాని మీద పడకుండా వాటిని అమర్చారు. సూర్యుడి నడకను కూడా లెక్కలోకి తీసుకున్న వృత్తి అది. అలాంటి వృత్తిలో ఉన్నవాళ్లకు ఆడపిల్లలు బొమ్మలు వేసుకునే గది ఒకటి దొరకలేదంటే, అది చేతకానితనం అని ఎలా అంటాం? ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది.

మొదటి సాక్షి జూడీ షికాగో. 1939లో షికాగోలో పుట్టినప్పుడు ఆమె జుడిత్ కోహెన్. ఇంటి వంశవృక్షంలో 23 తరాల రబ్బీలు, అంటే యూదు మతగురువులు. తండ్రికి వచ్చేసరికి ఆ ఆచారం తెగింది. ఆయన మతం వదిలి కార్మిక సంఘం పట్టుకున్నాడు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆమె 1964లో మాస్టర్స్ పట్టా తీసుకుంది. ఆమె బొమ్మల్లో ఆడదాని ఒంటిని గుర్తుచేసే ఆకారాలు అక్కడి గురువులకు మింగుడుపడలేదు. దాంతో ఆమె కార్లకు రంగులు కొట్టడం నేర్పే స్కూల్లో చేరింది. అక్కడ 250 మంది మగవాళ్ల మధ్య తనొక్కతే ఆడమనిషినని చెప్పుకుంది. కారు బానెట్ మీద ఆమె వేసిన బొమ్మను తర్వాత మ్యూజియంలు కళ్లకద్దుకున్నాయి. గురువులు కాస్త మెచ్చుకుని ఉంటే ఆ బానెట్ ఉండేదా?

1970లో ఒక ఆర్ట్ పత్రికలో ఆమె ప్రకటన వేయించింది. మగవాళ్ల పెత్తనం తన నెత్తిన రుద్దిన పేర్లన్నీ వదిలేస్తున్నానని, ఇకనుంచి తాను జూడీ షికాగోనని. పుట్టింటి కోహెన్ పోయింది, చనిపోయిన మొదటి భర్త తరఫు గెరోవిట్జ్ పోయింది, ఊరి పేరు మిగిలింది. అమెరికన్లు దీన్ని పెద్ద తిరుగుబాటు అన్నారు. ఊరి పేర్లనే ఇంటిపేర్లుగా మోసుకు తిరిగే తెలుగువాళ్లం మనం. మనకిది తిరుగుబాటులా కాదు, ఆధార్ కార్డులా కనిపిస్తుంది.

ఆ ఏడాదే ఫ్రెస్నో స్టేట్ కాలేజీలో ఆడపిల్లలకు ప్రత్యేకంగా కళ నేర్పే కోర్సు మొదలుపెట్టింది. 15 మంది విద్యార్థినులు. క్యాంపస్‌కు దూరంగా ఒక చోటు అద్దెకు తీసుకున్నారు. ఒక్కొక్కరూ నెలకు 25 డాలర్లు వేసుకున్నారు. గోడలు వాళ్లే లేపారు, సున్నాలు వాళ్లే వేశారు. కాలేజీకి ఫీజు కట్టి, చదువుకునే గదికి అద్దె కూడా తామే కట్టుకునే ఈ పద్ధతి మన కార్పొరేట్ కాలేజీల కంట ఇంకా పడినట్టు లేదు. ఎవరూ చెప్పకండి.

అసలు ఘనత కాలార్ట్స్‌ది, అంటే కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌ది. వాల్ట్ డిస్నీ కలగన్న కళాశాల అది. డాన్సర్లు, సంగీతకారులు, చిత్రకారులు నడవాల్లో ఒకరికొకరు తగులుకుంటూ స్ఫూర్తి పొందాలని, అన్ని కళలనూ ఒకే పెద్ద భవనంలోకి చేర్చాలని ప్లాను. 1971లో షికాగో తన కోర్సుతో సహా అక్కడికి వెళ్లింది. తోడుగా మిరియం షపీరో. రష్యా నుంచి వచ్చిన యూదు కుటుంబంలో 1923లో టొరంటోలో పుట్టి, బ్రూక్లిన్‌లో పెరిగిన చిత్రకారిణి. ఆమె భర్త పాల్ బ్రాక్ అక్కడి ఆర్ట్ స్కూలుకు డీన్. అందరూ తగులుకోవాల్సిన ఆ కొత్త భవనం సమయానికి సిద్ధం కాలేదు. వీళ్లకు గది లేదు. కట్టుకున్న మొగుడే డీన్, అయినా గది లేదు! బంధుప్రీతి ఎరగని పరిపాలన చూడాలనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు.

అప్పుడు దొరికింది హాలీవుడ్‌లోని మారిపోసా వీధిలో ఒక పాడుబడ్డ ఇల్లు. 17 గదులు. కూల్చేయడానికి సిద్ధంగా ఉంది. కుళాయిలో నీళ్లు లేవు, చలికాలంలో వెచ్చదనం లేదు, పాతిక కిటికీలకు అద్దాలు లేవు. నవంబర్ 8న అమ్మాయిలు చీపుళ్లు, బకెట్లు, రంగుల డబ్బాలు పట్టుకుని దిగారు. నెలల తరబడి రంపాలు పట్టారు, తలుపులు బిగించారు. బొమ్మలు నేర్చుకుందామని వచ్చి తాపీపని నేర్చుకున్నారు. నైపుణ్యాభివృద్ధి అని మన ప్రభుత్వాలు ఇప్పుడు పథకాలు పెడుతున్నాయే, అది.

1972 జనవరి చివర్లో ఆ ఇంటి తలుపు తెరిచారు. పేరు ఉమన్‌హౌస్. వంటింటి పైకప్పు నిండా పెనం మీది గుడ్లు. గోడలు దిగేసరికి అవి రొమ్ములయ్యాయి. బట్టల అలమరాలో మడతపెట్టిన దుప్పట్ల మధ్య అరలకు ఇరుక్కుపోయిన ఒక ఆడబొమ్మ. తెల్లటి బాత్‌రూమ్‌లో నెలసరి సామగ్రి అంతా, వాడినవి, వాడనివి, దాపరికం లేకుండా. అది షికాగో చేసినది. ఆ గది గురించి రాయడానికి పెద్దపెద్ద విమర్శకులు కూడా ఎంత నీళ్లు నమిలి ఉంటారో ఊహించుకోవచ్చు. ఈ వాక్యం రాయడానికి నేనే రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగొచ్చాను.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది షపీరో, షెర్రీ బ్రోడీ కలిసి చేసిన బొమ్మరిల్లు. ఆరు గదుల చిన్న బీరువా లాంటిది. అందులో ఒక గది ఆడ చిత్రకారిణి స్టూడియో. మోడల్‌గా పీట మీద నిలబడినవాడు మగవాడు, ఒంటి మీద నూలుపోగు లేకుండా. మొత్తం కాలార్ట్స్‌లో దొరకని స్టూడియో ఆ బీరువాలో అమరిపోయింది. చదరపు అడుగుకు అయిన ఖర్చు లెక్కేస్తే ఏ ఆర్కిటెక్టూ దగ్గరికి రాలేడు. ఆ బొమ్మరిల్లు ఇప్పుడు స్మిత్‌సోనియన్ వాళ్ల మ్యూజియంలో భద్రంగా ఉంది. అసలు ఇంటిని నెల రోజుల ప్రదర్శన ముగిశాక కూల్చేశారు. ఆ నెలలో దాన్ని చూడటానికి దాదాపు 10,000 మంది వచ్చారు.

ఇంతలో కాలార్ట్స్ కొత్త భవనం వెలిసింది, నడవాలతో సహా. షికాగోకు ఆ నడవాలు పడలేదు. గ్రాఫిక్ డిజైనర్ షీలా లెవ్రాంట్ డి బ్రెట్‌విల్, కళాచరిత్రకారిణి ఆర్లీన్ రేవెన్ (వీళ్లూ యూదు ఇళ్ల పిల్లలే) ఆమెతో బయటికి నడిచారు. 1973లో ముగ్గురూ కలిసి లాస్ ఏంజెలస్‌లో ‘ఉమన్స్ బిల్డింగ్’ పెట్టారు. ఏ భవనంలో? షూనార్డ్ అని ఒక పాత ఆర్ట్ స్కూలు ఉండేది, అది కలిస్తేనే కాలార్ట్స్ ఏర్పడింది. దాని ఖాళీ భవనంలో. అంటే కాలార్ట్స్ విడిచిన చొక్కా తొడుక్కుని కాలార్ట్స్‌కు పోటీగా నిలబడ్డారు. రెండేళ్లలో ఆ చొక్కా కూడా ఎవరో కొనుక్కుంటే ఇంకో ఇల్లు వెతుక్కున్నారు. సామాను సర్దుకోవడంలో వీళ్లకు పీహెచ్‌డీలు ఇవ్వాల్సింది.

ఇక అసలు పంక్తి భోజనానికి వద్దాం. 1974 నుంచి 1979 వరకు, దాదాపు 400 మంది సాయంతో, షికాగో ‘ది డిన్నర్ పార్టీ’ చేసింది. త్రికోణాకారపు బల్ల. ఒక్కో పక్క 48 అడుగులు, 13 విస్తళ్లు. మొత్తం 39 మంది చరిత్రలోని స్త్రీలకు వడ్డన. క్రీస్తు చివరి విందులో 13 మంది మగవాళ్లు కూర్చున్నారు సరే, వంట ఎవరు చేశారని ఎవరైనా అడిగారా? యూదుల ఇంటి పండుగ భోజనం కదా, ఇల్లాలు ఎంత చాకిరీ చేసి ఉంటుందో యూదుల ఇంట్లో పుట్టినామెకు తెలియదా! పళ్లేల మీద సీతాకోకచిలుకల్లా, పువ్వుల్లా, ఇంకొంచెం తేరిపార చూస్తే ఇంకోలా కనిపించే ఆకారాలు. కింద నేల పలకల మీద మరో 999 పేర్లు. అందులో ఒకటి మగవాడిది. క్రెసిలాస్ అనే గ్రీకు శిల్పిని స్త్రీ అనుకుని పొరపాటున రాసేశారు. స్త్రీల పేర్లు చరిత్రలోకి ఎక్కడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది, ఆయనకు మాత్రం స్పెల్లింగు సరిపోయింది.

ఈ బల్ల ఆరు దేశాలు తిరిగి పెట్టెల్లోకి చేరింది. 1990లో షికాగో దాన్ని వాషింగ్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ది డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియాకు ఊరికే ఇస్తానంది. మౌంట్ వెర్నన్ స్క్వేర్‌లో 1903 నాటి కార్నెగీ లైబ్రరీ అప్పుడు ఆ యూనివర్సిటీ చేతిలో ఉండేది. దాన్ని బాగుచేసి బల్ల అందులో వేద్దామనుకున్నారు. ఈసారి బిల్డింగ్ కమిటీ సరిపోలేదు. సాక్షాత్తు అమెరికా ప్రతినిధుల సభే దిగింది. జూలై 26న 87 నిమిషాలు చర్చించారు. రాబర్ట్ డోర్నన్ అనే సభ్యుడు ఇది పింగాణీలో చేసిన త్రీడీ అశ్లీలం అన్నాడు. యూనివర్సిటీ బడ్జెట్లోంచి 16 లక్షల డాలర్లు కోసేయాలని వర్జీనియా సభ్యుడు స్టాన్ పారిస్ తెచ్చిన సవరణ 297-123 తేడాతో గెలిచింది. పళ్లేలు కడగాలా వద్దా అన్న విషయంలో ఇళ్లలో కూడా ఇంత సేపు చర్చ జరగదు.

విద్యార్థుల సంగతి వేరు, వాళ్ల మీద జోకులు వేయను. ఎక్కువగా నల్లజాతి పిల్లలు చదివే, డబ్బుకు ఎప్పుడూ కటకటలాడే యూనివర్సిటీ అది. తమ క్లాసురూముల గతి ఇలా ఉంటే భోజనబల్లకు డబ్బెందుకని సెప్టెంబర్‌లో సమ్మె చేశారు. 39 మంది అతిథుల్లో నల్లజాతి స్త్రీ సొజర్నర్ ట్రూత్ ఒక్కతే కావడం కూడా గుర్తుపెట్టుకోవాలి. అంత పెద్ద బల్ల వేసిన మనిషి ఆ మాట ముందే ఆలోచించాల్సింది. షికాగో తన కానుక వెనక్కి తీసుకుంది. బల్లకు చివరికి 2007లో బ్రూక్లిన్ మ్యూజియంలో సొంత గది దొరికింది, ఎలిజబెత్ సాక్లర్ పేరుతో ఉన్న స్త్రీవాద కళాకేంద్రంలో.

ఆ కార్నెగీ లైబ్రరీ ఏమైందని అడుగుతారేమో. శుభ్రంగా బాగుచేశారు. 2019 నుంచి అందులో ఆపిల్ కంపెనీ షోరూమ్ ఉంది. పాలరాయి మెరుస్తోంది, చెక్క బల్లలు వరసగా ఉన్నాయి, వాటి మీద వడ్డించినట్టు ఫోన్లు పెట్టారు. ఆ బల్లల మీద ప్రతినిధుల సభ 87 నిమిషాలు చర్చించిన దాఖలా లేదు.

మన సన్మాన సభ అక్కడే పెట్టుకుందామని నా మనవి. డీన్లు, ట్రస్టీలు, సవరణకు చెయ్యెత్తిన 297 మంది, అందరూ రావచ్చు. శాలువాలు నేను తెస్తాను. బల్లలు ఎలాగూ వేసే ఉన్నాయి.