తెలియని ఓడ కనిపిస్తే లైట్లు ఆర్పేయమంటున్న ఆ మెసేజ్‌ను నమ్మకండి

తెరచాప పడవల మీద దూర ప్రయాణాలకు వెళ్లాలనుకునే కుర్రాళ్ల గ్రూపుల్లో, మర్చంట్ నేవీలో పిల్లలున్న ఇళ్లల్లో ఒక పొడవాటి మెసేజ్ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "నడిసముద్రంలో తెలియని పడవ ఏది దగ్గరకొచ్చినా దొంగల పడవే అనుకోండి. రాత్రయితే లైట్లు ఆర్పేయండి, ఏఐఎస్ (మీ పడవ ఎక్కడుందో చుట్టూ ఓడలకు చెప్పే పెట్టె) ఆపేయండి. రేడియోలో నోరు విప్పకండి. ఒక తుపాకీ దగ్గరుంచుకోండి, చూపిస్తే చాలు పారిపోతారు. పెద్ద ఓడలతో మాత్రం టెన్షన్ లేదు, రాడార్‌లో మిమ్మల్ని చూసి వాళ్లే తప్పుకుంటారు."

నేను పన్నెండేళ్లు సరుకు ఓడల బ్రిడ్జ్ మీద, అంటే ఓడను నడిపే గదిలో, వాచ్ (కాపలా డ్యూటీ) చేశాను. అందులో ఎక్కువ భాగం అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండే వాచ్. ఆ చీకట్లో చిన్న పడవల కోసం కళ్లు చిట్లించుకుని చూసినవాణ్ణి కాబట్టి ఈ మెసేజ్ చదివి ఊరుకోలేకపోయాను. దీన్ని పాటించే పిల్లలు దొంగల చేతిలో కాదు, నాలాంటి వాడు నడిపే ఓడ కింద పడి పోతారు.

అందుకే చివరి మాటతో మొదలుపెడతాను. "పెద్ద ఓడలు రాడార్‌లో చూసి తప్పుకుంటాయి" అనే మాట.

రాడార్ ఇనుమును బాగా చూస్తుంది. చెక్కను, ఫైబర్‌ను సరిగా చూడదు. సముద్రం కాస్త లేచి ఉంటే అలలే తెర నిండా చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కల్ని తగ్గించడానికి రాడార్‌లో ఒక నాబ్ ఉంటుంది. దాన్ని కొంచెం ఎక్కువ తిప్పితే అలలతో పాటు మీ పడవ కూడా తెర మీద నుంచి పోతుంది. వానలోనూ అంతే. పైగా ఓడ ముక్కు ముందు కొంత మేర నీళ్లు బ్రిడ్జ్ నుంచి అసలు కనపడవు. రెండు ఓడల పొడవు లేదా 500 మీటర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంత దూరం కనపడకపోయినా అంతర్జాతీయ నియమం ఒప్పుకుంటుంది. అంటే 300 మీటర్ల కంటైనర్ ఓడకు ఎదురుగా అర కిలోమీటరు లోపల మీరుంటే, బ్రిడ్జ్ మీద మనిషి మెలకువగా ఉండి కిందికే చూస్తున్నా మీరు కనిపించకపోవచ్చు.

వేగం లెక్క కూడా చూడండి. మీ పడవలో నిలబడితే కళ్లు నీటికి రెండు మీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడి నుంచి సముద్రం మీద దిగంతం మూడు నాటికల్ మైళ్లు, సుమారు ఐదున్నర కిలోమీటర్లు. ఓడ ఎత్తయినది కాబట్టి పగలు బాగుంటే అంతకు ముందే దాని పైభాగం కనిపిస్తుంది. మంచు, వాన ఉంటే ఆ మూడు మైళ్లు కూడా దక్కవు. 18 నాట్ల (గంటకు 18 నాటికల్ మైళ్ల) వేగంతో వచ్చే ఓడకు ఆ మూడు మైళ్లూ పది నిమిషాల దారి. మీరు కిందికి దిగి టీ కాచుకుని పైకి వచ్చేలోపు అది మీ నెత్తిన ఉంటుంది. అప్పుడు చూసి ఇంజన్ వెనక్కి తిప్పినా పెద్ద ఓడ ఆగడానికి కిలోమీటర్లు పడుతుంది.

"తెరచాప పడవకు దారి ఇవ్వాలని రూలు ఉంది కదా" అంటారు. ఉంది. 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో, నడిసముద్రంలో, ఇంజనుతో నడిచే ఓడ తెరచాప పడవకు దారి ఇవ్వాలనే ఉంది. కానీ ఇరుకు కాలువలో, హార్బర్ దారిలో అదే నియమాలు తెరచాప పడవను, 20 మీటర్ల లోపు పడవను పెద్ద ఓడకు అడ్డు రావద్దంటాయి. నడిసముద్రంలో కూడా అవతలివాడు తప్పుకోవడం లేదని తెలిస్తే మీరే తప్పుకోవచ్చు. ఇక అతనొక్కడే ఏం చేసినా గుద్దుకోవడం తప్పదనే దశకు వస్తే మీరు తప్పుకుని తీరాలి. రూలు మీ వైపున్నంత మాత్రాన నీళ్ల మీద ఏమీ ఒరగదు.

గుద్దుకుంటామా లేదా అని తెలుసుకోవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మీరు కదలకుండా ఒకే చోట కూర్చోండి. మీ పడవ రెయిలింగ్ కమ్మీనో, తెరచాప స్తంభాన్ని పట్టుకునే తీగనో ఆ ఓడకు సూటిగా పెట్టి చూడండి. మీ పడవ దిక్కు మారకుండా ఉండగా, రెండు మూడు నిమిషాల తర్వాత ఓడ ఆ కమ్మీకి ముందుకో వెనక్కో జరిగితే మంచిదే. అక్కడే ఉండి, పెద్దదవుతూ వస్తే అది మీ మీదకే వస్తోంది. చేతి దిక్సూచి ఉంటే ఆ ఓడ ఉన్న దిక్కు కోణం (బేరింగ్) చదివి రాసుకోండి, ఇంకా మంచిది. రాత్రి ఎదుటి ఓడ ఎరుపు దీపం, ఆకుపచ్చ దీపం రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయంటే దాని ముక్కు మీ వైపే ఉన్నట్టు. తప్పుకునేటప్పుడు పది డిగ్రీలు తిప్పి ఊరుకోకండి, బ్రిడ్జ్ మీద ఉన్నవాడికి అర్థమయ్యేలా బాగా తిప్పండి. నాకు బాగా చిరాకు తెప్పించింది కొద్దికొద్దిగా తిరుగుతూ ఎటు పోతున్నారో తెలియనివ్వని పడవలే.

ఇక లైట్లు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా లైట్లు వెలగాలన్నది నియమం. 12 మీటర్ల లోపు పడవ పక్క దీపాలు కనీసం ఒక నాటికల్ మైలు దూరం, వెనక దీపం రెండు మైళ్లు కనపడితే చాలని ఆ నియమాలే చెబుతున్నాయి. 18 నాట్ల ఓడకు ఒక మైలు అంటే మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అంటే లైట్లు వెలిగించుకున్నా నాలాంటి వాడికి మీరిచ్చే సమయం అంతే. వాటిని కూడా ఆర్పేయమంటోంది ఈ మెసేజ్.

ఒక రాత్రి బంగాళాఖాతంలో పారాదీప్ వైపు వెళ్తున్నాం. రాడార్ మీద ఏమీ లేదు. లుకౌట్‌లో ఉన్న మనిషి ఒక్కసారి "లైట్!" అని అరిచాడు. ముందు, కుడి పక్కన, చేతి టార్చి ఊగుతోంది. నేను చేత్తో స్టీరింగ్ తీసుకుని ఎడమకు తిప్పించాను. పక్క నుంచి దాటిపోయింది చెక్క పడవ, ఐదారుగురు మనుషులు, ఒక్క దీపం లేదు. వాళ్లలో ఒకరికి మెలకువ ఉండి టార్చి దొరకబట్టి బతికారు. తెల్లారి నా చేతులు వణకడం ఆగలేదు. ఆ టార్చి వెలగకపోయి ఉంటే మా ఓడలో ఎవరికీ కుదుపు కూడా తెలిసేది కాదు.

ఏఐఎస్ ఆపేయమనడం కూడా ఇలాంటిదే. మీ పేరు, స్థానం, దిక్కు, వేగం చుట్టూ ఉన్న ఓడల తెరల మీద కనపడేలా పంపే పెట్టె అది. రాడార్‌కు దొరకని మీ ఫైబర్ పడవను నా తెర మీద పేరుతో సహా చూపించేది అదొక్కటే. దొంగలు దాన్ని చూసి వస్తారన్న భయం పూర్తిగా ఉత్తది అననను. ఓడకు ముప్పు ఉందనుకుంటే కెప్టెన్ దాన్ని ఆపుకునే వెసులుబాటు కూడా ఉంది. కానీ ఒక ప్రమాదకర ప్రాంతంలో, ఆలోచించి తీసుకునే నిర్ణయాన్ని ప్రతి రాత్రి అలవాటుగా మార్చకూడదు. మన తీరంలో ఇంకో సంగతి కూడా ఉంది. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు కుబేర్ అనే చేపల పడవను పట్టుకుని, దానిలో వచ్చారు. అప్పటి నుంచి చీకట్లో, జవాబివ్వకుండా పోయే పడవను కోస్ట్ గార్డ్ అనుమానంగానే చూస్తుంది, చూడాలి కూడా. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకండి: మీ తెర మీద ఏమీ లేదంటే సముద్రంలో ఏమీ లేదని కాదు. నియమం ప్రకారం ఏఐఎస్ తప్పనిసరి అయింది ముఖ్యంగా పెద్ద ఓడలకూ ప్రయాణికుల ఓడలకూ. మన చిన్న మరబోట్లలో చాలావాటికి ఉండదు.

రేడియోలో మాట్లాడొద్దన్న దానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. వీహెచ్ఎఫ్ ఛానల్ 16 అందరూ వింటారు, నిజమే. అందుకే పడవలో ఎంతమంది ఉన్నారో, ఎంత డబ్బుందో, రేపు ఎక్కడ లంగరు వేస్తారో అందులో చెప్పకండి. కానీ ఎదురొచ్చే ఓడను పేరుతో పిలిచి "నేను ఫలానా తెరచాప పడవను, మీకు రెండు మైళ్ల ముందు ఎడమ వైపున్నాను, కనిపిస్తున్నానా?" అని అడగడంలో తప్పేముంది? బ్రిడ్జ్ మీద ఒంటరిగా ఉన్నప్పుడు అలాంటి పిలుపు వింటే నాకెప్పుడూ ఊరటగానే ఉండేది. పేరు తెలియకపోతే స్థానం చెప్పి పిలవండి. జవాబు రాకపోతే తప్పుకోండి, ఎదురుచూడకండి.

తుపాకీ మాట దగ్గర మాత్రం నేను నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు చచ్చిపోయింది ఇక్కడే.

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి దాదాపు 20 నాటికల్ మైళ్ల దూరంలో సెయింట్ ఆంటొనీ అనే చేపల పడవ ఉంది. అటు వెళ్తున్న ఇటలీ ట్యాంకర్ ఎన్రికా లెక్సీ మీద కాపలా ఉన్న సైనికులు దాన్ని సముద్రపు దొంగల పడవ అనుకుని కాల్చారు. ఇద్దరు జాలరులు చనిపోయారు. తొమ్మిదేళ్లు రెండు దేశాల మధ్య కేసు నడిచి, 10 కోట్ల రూపాయల పరిహారం కట్టాక 2021లో సుప్రీంకోర్టు దాన్ని మూసేసింది. అదే 2012 జులైలో దుబాయ్ దగ్గర అమెరికా నౌకాదళ సరఫరా ఓడ ర్యాపహానక్ మీద నుంచి ఒక చిన్న పడవను కాల్చారు. తమిళనాడు జాలరి ఒకరు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. ఆ రెండు ఓడల్లోనూ ఉన్నది శిక్షణ పొందిన సైనికులు. వాళ్లే పొరబడ్డారు. నాలుగు రోజులుగా సరిగా నిద్ర లేని ఇద్దరు కుర్రాళ్ల చేతిలో తుపాకీ పెట్టి, తెలియని పడవలన్నీ దొంగలవే అనుకోమంటే ఏమవుతుందో ఆలోచించండి.

నిజంగా దొంగలే వచ్చినప్పుడైనా తుపాకీ కాపాడుతుందా? అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందెం రెండుసార్లు గెలిచిన న్యూజీలాండ్ నావికుడు పీటర్ బ్లేక్ 2001 డిసెంబరులో అమెజాన్ నది ముఖం దగ్గర మకాపా ఊరి బయట లంగరు వేసి ఉండగా దొంగలు ఎక్కారు. ఆయన రైఫిల్ తీసి ఒకడి చేతికి గాయం చేశాడు కూడా. రైఫిల్ మొరాయించింది. ఆయన్ను కాల్చి చంపారు. ఆయుధాల చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, అది వేరే తలనొప్పి. 2013లో సీమన్ గార్డ్ ఒహాయో అనే నౌకను తూత్తుకుడి దగ్గర ఆయుధాలతో పట్టుకుని, అందులోని 35 మంది మీద కేసు పెట్టారు. 2016లో ఐదేళ్ల శిక్ష పడింది, 2017లో హైకోర్టు నిర్దోషులని తేల్చింది. వాళ్లు వృత్తిగా కాపలా కాసేవాళ్లు, వాళ్లకే నాలుగేళ్లు పోయాయి.

దొంగలు లేరని నేను చెప్పడం లేదు. 2009 అక్టోబరులో సీషెల్స్ నుంచి బయలుదేరిన ఒక బ్రిటిష్ జంటను సోమాలీ దొంగలు పట్టుకెళ్లి ఏడాదికి పైగా ఉంచారు. 2011 ఫిబ్రవరిలో క్వెస్ట్ అనే పడవలో నలుగురు అమెరికన్లను చంపేశారు, అప్పటికి వెనక అమెరికా యుద్ధనౌకలు ఉన్నాయి. 2023 చివర్లో ఆ ముప్పు మళ్లీ తలెత్తింది. 2024 జనవరిలో మన ఐఎన్‌ఎస్ సుమిత్ర ఒకదాని వెంట ఒకటిగా రెండు చేపల నౌకలను దొంగల చేతిలోంచి విడిపించింది. ఆ రెండింటిలో బందీలైంది జాలరులే. ఆ ప్రాంతాల్లో చిన్న పడవకు ఉన్న ఒకే ఒక్క మంచి ఉపాయం అటు వెళ్లకపోవడం. చీకట్లో దాక్కుంటూ దాటేయొచ్చనే ధైర్యం ఈ మెసేజ్ ఇస్తుంటే భయమేస్తోంది.

మరి మిగతా సముద్రంలో ఒక చిన్న పడవ మీ వైపు దూసుకొస్తే? మన తీరంలో అయినా, ఒమన్ వైపు అయినా, చాలాసార్లు కారణం వల. "మా వల మీదుగా పోకు" అని చెప్పడానికే వస్తారు, చేతులు ఊపుతారు, టార్చి కొడతారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఏ సరంగును అడిగినా చెబుతాడు, లక్షల రూపాయల వల ఓడ కింద పోయిన కథలు. కొందరు మంచినీళ్లు అడగడానికి, చేపలు ఇవ్వడానికి వస్తారు. దిక్కు మార్చండి, వేగం తగ్గించండి, అందరూ పైకొచ్చి కనపడండి, చెయ్యెత్తి పలకరించండి. వాళ్లు వెళ్లమని చెయ్యి ఊపే వైపు సాధారణంగా వల ఉండదు. అలలు ఉంటే పక్కకు ఆనించుకోనివ్వకండి, మీ పడవ పగులుతుంది. ఎన్నిసార్లు దిక్కు మార్చినా వెంటపడుతుంటే స్థానం రాసుకుని ఛానల్ 16లో చెప్పండి. ఒడ్డున ఉన్న ఇంటివాళ్లకు కోస్ట్ గార్డ్ నంబరు 1554 ముందే ఇచ్చి ఉంచండి. ఇంకొకటి: ఒక టగ్ (లాగే చిన్న ఓడ), దాని వెనక దూరంగా అది లాగే బార్జ్ (బల్లపరుపు సరుకు పడవ) కనిపిస్తే ఆ రెంటి మధ్య నుంచి ఎప్పుడూ పోవద్దు. మధ్యలో నీళ్ల కింద తీగ ఉంటుంది. రాత్రి టగ్ స్తంభం మీద ఒకదాని కింద ఒకటిగా రెండో మూడో తెల్ల దీపాలు కనిపిస్తే అది దేన్నో లాగుతున్నట్టు.

2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవ మీద బయలుదేరి భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లను చూసి సముద్రం మీదకు వెళ్లాలనుకునే పిల్లలు మన ఇళ్లల్లో ఉన్నారు. వాళ్ల ఫోన్లకు కూడా ఈ మెసేజ్ చేరుతుంది.

ఆ పిల్లలకు మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ సంగతి చెప్పండి. 2018 సెప్టెంబరులో ఒంటరిగా భూమిని చుట్టే తెరచాప పడవల పందెంలో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు ఆయన పడవ స్తంభం విరిగింది, వెన్ను దెబ్బతింది, లేవలేని స్థితి. ఆయన సాయం కోరుతూ సిగ్నల్ పంపే అత్యవసర బీకన్ ఆన్ చేశారు. నౌకాదళ విమానం వచ్చి పడవను చూసింది. మూడు రోజులకు చేపల వేట మీద గస్తీ తిరిగే ఫ్రాన్స్ నౌక ఒసిరిస్ అక్కడికి చేరి, చిన్న పడవల్లో మనుషుల్ని పంపి ఆయన్ను ఎత్తుకుంది. ఆ నౌకను ఆయన అంతకు ముందెప్పుడూ చూడలేదు.