మిర్చి లోడు ఎవరి చేతిలో పెడుతున్నాం?

గుంటూరు నుంచి ఢిల్లీకో కోల్‌కతాకో మిర్చి పంపే వ్యాపారి బేరం టన్నుకు ఎంత అన్న దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. రెండు మూడు వందలు తగ్గించే లారీ దొరికితే పని అయిపోయినట్టే. సరుకు తడిసినా, దారిలో మాయమైనా ఎవరు ఎంత కట్టాలన్న మాటే రాదు. ముందు తేల్చుకోవాల్సింది అదే.

2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా రవాణా వ్యాపారం చేయకూడదు. బుకింగ్ తీసుకునే బ్రోకరూ ఈ చట్టం కిందికే వస్తాడు. సరుకు పోతే ట్రాన్స్‌పోర్టరు నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయనక్కర్లేదు. ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద 'ఓనర్స్ రిస్క్', అంటే నష్టం సరుకు యజమానిదే, అని అచ్చు వేసుకున్నా నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదని పాత చట్టం ఉన్నప్పుడే, 2000లో, సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా, చేతిలో ఎల్‌ఆర్ లేకపోతే అదేమీ పనికిరాదు. ఫోన్లో లారీ మాట్లాడి, అడ్వాన్సు డ్రైవరు ఖాతాలో వేయించి, కమీషన్ తీసుకుని తప్పుకునే మనిషి మీద రేపు దావా ఎలా వేస్తాం? తన సంస్థ పేరుతో, రిజిస్ట్రేషన్ నంబరుతో ఎల్‌ఆర్ రాసివ్వనివాడికి లోడు ఇవ్వకూడదు, కిరాయి ఎంత తక్కువైనా సరే.

ఎల్‌ఆర్ ఉన్నా ఇంకో మెలిక ఉంది. ఎక్కువ బాధ్యత తీసుకున్నందుకు అడిగే అదనపు ఛార్జీ, అంటే ఎక్కువ రిస్కు రేటు, కట్టి బుక్ చేయకపోతే ట్రాన్స్‌పోర్టరు బాధ్యత కిరాయికి 10 రెట్ల దగ్గర ఆగిపోతుంది. 16 టన్నుల మిర్చి కిలో 150 రూపాయల చొప్పున 24 లక్షలు. కిరాయి 90 వేలనుకుందాం. లోడు మొత్తం పోయినా 9 లక్షలకు మించి రాదు. పైగా కిరాయి 10 వేలు తగ్గించుకుంటే ఆ పరిమితిలో లక్ష తగ్గించుకున్నట్టే. లారీకి ఉన్న ఇన్సూరెన్స్ సరుకుకు వర్తించదు కాబట్టి దారిలో ఉన్న సరుకుకు బీమా ఇచ్చే ట్రాన్సిట్ పాలసీ వేరుగా తీసుకోవాలి. అందులో ఏయే నష్టాలకు బీమా వర్తిస్తుందో చెప్పే ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజ్ విస్తృతమైన 'ఏ'నో, పరిమితమైన 'బీ'నో చూడాలి. 'బీ'లో అగ్నిప్రమాదం, ఢీకొనడం, బోల్తా వంటివే వస్తాయి. దొంగతనం, వాన నీళ్లు రావు.

ఇక బండి. ఫిట్‌నెస్, పర్మిట్ వివరాలు ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొడితే తెలిసిపోతాయి. బాడీ మాత్రం ఎక్కి చూడాల్సిందే. ఖాళీ లారీ మీద పట్టా (టార్పాలిన్) కప్పించి, పగటిపూట లోపల నిలబడి పైకి చూడండి. ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ నీళ్లు దిగుతాయి. నేల చెక్కల సందుల్లో తెల్లటి పొడి ఉంటే అంతకుముందు ఏం లోడు దించారో అడగాలి. ఎరువులో, రసాయనాలో దించిన బండి వద్దే వద్దు, మిర్చికి ఆ వాసన పట్టేస్తుంది. చక్రాల నుంచి చిమ్మే నీళ్లు కింది వరస టిక్కీలకు (మిర్చి బస్తాలకు) తగలకుండా నేల మీదా ఒక పట్టా పరవాలి. పైన రెండు పట్టాలు కప్పితే ముందుది వెనకదాని మీదికి రావాలి. తిరగేసి కడితే ఎదురుగాలి వాన నీటిని సందులోకి నెడుతుంది. మూసిన కంటైనరే క్షేమమనుకోవడమూ పొరపాటే. సరుకులో తేమ ఎక్కువుంటే పగటి ఎండకు ఆవిరై, రాత్రి చలికి ఇనుప కప్పు కింద చుక్కలు కట్టి టిక్కీల మీద పడుతుంది. బూజు మొదలయ్యేది అక్కడే.

లారీ నిండా కాకుండా వేరేవాళ్ల సరుకుతో కలిపి పార్ట్ లోడ్ పంపేటప్పుడు మధ్యలో ఎన్ని గోడౌన్లలో దించి ఎక్కిస్తారో ముందే అడగాలి. దించిన ప్రతిచోటా కొక్కేలకు గోనె చిరుగుతుంది, పక్కవాళ్ల బస్తాలతో కలిసిపోతుంది. బండి మారితే ఈ-వే బిల్లులో (జీఎస్‌టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) బండి వివరాలుండే పార్ట్-బీలో కొత్త నంబరు ఎక్కించాలి కాబట్టి మారిన సంగతి పోర్టల్లో మనకూ కనిపిస్తుంది.

సరుకు దిగేచోట కాటా చీటీ తీసి, తడిసిన, చిరిగిన టిక్కీలు ఎన్నో ఎల్‌ఆర్ కాపీ మీదే రాసి డ్రైవరు సంతకం పెట్టించుకోవాలి. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్టరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే దావాకు దారి మూసుకుపోతుంది. ఆ నోటీసు కాపీని క్లెయిమ్ ఫైలులో బీమా కంపెనీ కూడా అడుగుతుంది.