మ.రా.రా.శ్రీ. టీవీ యూనిట్ గారి సముఖమునకు

మహారాజరాజశ్రీ టీవీ యూనిట్ గారికి,

కడప నుంచి తమరి ఇంటి ఇల్లాలు రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాదే గానీ, నాకు తలుచుకునే తీరిక తమరెప్పుడిచ్చారు? సోఫాలో కూర్చుంటే తమరు, దివాన్ మీద ఒరిగితే తమరు, వంటింట్లోంచి తల బయటపెడితే తమరు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ముందు తమరిని చూసి "ఎంతయిందేం?" అని అడిగి, ఆ తర్వాతే మమ్మల్ని బాగున్నారా అంటున్నారు.

ఒక లెక్క చెబుతాను, వినండి. మా హాలు పదడుగులు బై పధ్నాలుగు. టీవీ 55 అంగుళాలది. ఆ 55 మూల నుంచి మూలకు కొలిచేది కాబట్టి అడ్డం నాలుగడుగులు, నిలువు రెండుంబావు, మందం మహా అయితే మూడంగుళాలు. మరి దాని చుట్టూ గోడంతా పరుచుకున్న చెక్కపని తమరు? అడ్డం పదడుగులు, నిలువు ఏడు, కింది అరల దగ్గర మందం అడుగున్నర. టీవీని గోడకెందుకు బిగిస్తారని ఎవరినడిగినా స్థలం కలిసొస్తుందనే చెబుతారు. మా హాల్లో కలిసొచ్చిన స్థలం ఎవరి ఖాతాలో పడిందో పాస్‌బుక్ చూడకుండానే తెలుస్తోంది.

తమరి వంశంలో ముందు ఇట్లాంటివాళ్లు లేరు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని మన దేశం పల్లెలకు టీవీ చూపించింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలు, 2,400 పల్లెలు, పల్లెకొక పెట్టె. ఊరు ఊరంతా కూర్చుని చూసిన ఆ టీవీకి యూనిట్ లేదు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో పాటు రంగులొచ్చాయి, అప్పుడూ లేదు. మా పుట్టింట్లో హైదరాబాదు ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ ఒక ఇనుప స్టాండు మీద ఉండేది. ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో పౌరాణిక సీరియల్ మొదలయ్యే వేళకు మా జేజి స్నానం చేసొచ్చి దానికి హారతిచ్చేది. సాక్షాత్తూ దేవుడొచ్చి కూర్చునే పెట్టెకు కూడా మూరెడు ఇనుప స్టాండు సరిపోయింది.

ఆ పాత టీవీ వెనకవైపు అడుగున్నర పొడుచుకొచ్చి ఉండేది. పిక్చర్ ట్యూబు పోయి పలచటి తెరలొచ్చాక ఆ అడుగున్నర మనకు మిగలాలి. మిగల్లేదు. పైసా తగ్గకుండా ఆ అడుగున్నర తమరికి చేరింది.

తమరి జన్మ వృత్తాంతం తమరికి ఎవరూ చెప్పి ఉండరు. మొదట గోడ పంచాయితీ జరిగింది. వాస్తు చూసినాయన ఆగ్నేయమన్నాడు, కరెంటుతో నడిచేదంతా అగ్నికి చెందుతుందట. ఆ గోడకు ఎదురుగా పడమటి కిటికీ. మేలో నలభై దాటే ఊళ్లో సాయంత్రం నాలుగింటికి ఆ కిటికీలోంచి ఎండ వస్తే తెర మీద హీరో కనిపించడు, కిటికీ ఊచలు కనిపిస్తాయి. ఇక ఇల్లు కట్టిన బిల్డరు ప్లగ్ పాయింటు పెట్టింది మూడో గోడకు. చివరికి గెలిచింది పాయింటే, ఎందుకంటే దాన్ని జరపాలంటే గోడకు గాడి కొట్టాలి. వాస్తు ఆయన ఫోన్లో దిక్సూచిని అటు తిప్పి ఇటు తిప్పి, ఇది కూడా ఆగ్నేయం కిందికే వస్తుందని తేల్చి, దక్షిణ తీసుకుని వెళ్లాడు.

బ్రాకెట్ బిగించే అబ్బాయి వచ్చాడు. పనిమంతుడే. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన డ్రిల్ పెట్టనన్నాడు, వైర్ల పైపు అట్లాగే ఎక్కి ఉంటుందట. పక్కకు జరిగి మిషన్ ఆన్ చేశాడు. సిమెంటు పూత దాటగానే డ్రిల్ వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. అతను మిషన్ ఆపి, అరచేతిలో పొడి పట్టి నాకు చూపించాడు.

"ఇటుకైతే ఎర్రగా రాలాలమ్మా. ఇది తెల్లగా రాల్తాంది. లైట్‌వెయిట్ బ్లాకు. దీంట్లో మామూలు ప్లగ్గు పెడితే స్క్రూ తిరుగుతానే ఉంటాది గానీ పట్టదు."

"మరెట్లా నాయనా? టీవీ పదిహేను కేజీలుంటుంది."

"దీనికని గట్టిగా పట్టే వేరే ప్లగ్గులు, యాంకర్లంటారు, దొరుకుతాయమ్మా, తెప్పించుకోండి. లేదంటే గోడకు ఒక ప్లై పలక పరిచి, శానా చోట్ల స్క్రూలు కొట్టి, బరువు పంచి, దానికి బిగిద్దాం."

మూడడుగుల ప్లై పలక! తమరు పుట్టినప్పుడు ఉన్నది అంతే. ఆ పలక కోసం పిలిచిన కార్పెంటరు దాన్ని చూసి, ఒక్కటే ఉంటే బోసిగా ఉంటుంది మేడం అన్నాడు. పక్కన గీతల ప్యానెల్ వచ్చింది. ప్యానెల్ ఒకవైపే ఉంటే వెలితిగా ఉందని రెండోవైపు పాలరాయి డిజైన్ పీవీసీ షీటు వచ్చింది. షీటు మెరవాలంటే వెనక ఎల్ఈడీ లైటు ఉండాలి. లైటుకు ట్రాన్స్‌ఫార్మర్, అది దాచడానికి ఒక డబ్బా, డబ్బా కనపడకుండా ఒక అర, అరకు తలుపు, తలుపుకు జత తలుపు. మా ఆయన ఫోన్లో రోజూ కొత్త ఫోటోలు చూపించేవారు. ఆ ఫోటోల్లో ఇళ్లన్నీ కళకళలాడుతూ ఉంటాయి. ఒక్క ఇంట్లో కూడా వైరు కనిపించదు, సెటాప్ బాక్సు ఉండదు, రిమోట్ ఉండదు. ఆ ఇళ్లలో టీవీలు ఎట్లా నడుస్తాయో నాకిప్పటికీ అంతుబట్టని రహస్యం.

మన ఇంట్లో మాత్రం వైర్లున్నాయి. గోడలో దాచేద్దామని పైపు వేశారు, ముప్పావు అంగుళంది. బాక్సు నుంచి టీవీకి బొమ్మ మోసే హెచ్‌డీఎంఐ వైరు సన్నదే, దాని తల లావు. పైన దూరినా వంపు దగ్గర ఇరుక్కుంది. రెండంగుళాల పైపు వేసుంటే పోయేది, ఆ ముక్క పుట్టీ, పెయింటు అయ్యాక చెప్పారు. అందుకని ఇప్పుడు నాలుగు నల్ల వైర్లు తమరి పాలరాయి మీదుగా దిగుతున్నాయి. వాటి మీద మా ఆయన ప్లాస్టిక్ మనీప్లాంట్ తీగ పాకించారు. వారం వారం దాని ఆకు ఆకుకూ దుమ్ము తుడిచేది ఎవరో తమరు రోజూ చూస్తూనే ఉన్నారు.

సౌండ్‌బార్ వైరు పెట్టిన రోజు గుర్తుందా? బ్రాకెట్ గోడకు అతుక్కుపోయే రకం. సౌండ్‌బార్ హెచ్‌డీఎంఐ వైరు పనిచేసేది, టీవీ శబ్దాన్ని బయటికి పంపే, ఏఆర్‌సీ అని రాసి ఉన్న ఒక్క సందులోనే. ఆ సందు టీవీ వెనకాల గోడవైపు తిరిగి ఉంది. మా ఆయన స్టూలెక్కి, చెంప టీవీ అంచుకు ఆనించి, చెయ్యి మోచేతి దాకా వెనక్కి దూర్చి, కళ్లు మూసుకుని వేళ్లతో వెతుకుతున్నారు. నేను కింద నుంచి ఫోన్ టార్చి పట్టుకున్నాను. మా అత్తమ్మ వెనక నుంచి "మెల్లిగా నాయనా, కరెంటు" అంటున్నారు. దొరికింది అనుకుని దూర్చబోయింది పెన్‌డ్రైవ్ సందులో.

ఇక ఎత్తు. కూర్చున్నప్పుడు కంటికి సూటిగా తెర మధ్యభాగం రావాలి, అంటే నేల నుంచి సుమారు మూడున్నర అడుగులు. చదువుకున్నవాళ్లు చెప్పేది ఇది. మన దగ్గర నేల మీద ముందు తమరి రెండడుగుల సొరుగులు, సొరుగుల మీద సౌండ్‌బార్, దాని మీద ఒక అర, ఆ అరలో పిల్లల కప్పులు, షీల్డులు, తిరుమల నుంచి తెచ్చిన పటం. ఇవన్నీ సర్దుకున్నాక మిగిలిన ఎత్తు టీవీకిచ్చారు. ఒకప్పుడు మా మామగారి తండ్రి ఫోటో ఉన్న మేకు దగ్గర ఇప్పుడు తెర మధ్యభాగం ఉంది. పెద్దల పటాన్ని తలెత్తి చూస్తే గౌరవం. సీరియల్ అట్లా చూస్తే మెడనొప్పి. "నా వల్ల గాదమ్మా ఆకాశం సూసుకుంటా కూసోను" అని అత్తమ్మ దివాన్ మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు, సగం ఎపిసోడ్‌కు గురక.

సొరుగుల సంగతికొద్దాం. పైన ఎంత మెరిస్తే లోపల అంత చరిత్ర. మొదటి సొరుగులో మా పెళ్లి క్యాసెట్టుంది, 1998ది. దాన్ని ఆడించే వీసీఆర్ ఇంట్లో లేదు, వీధిలో లేదు. క్యాసెట్టును డీవీడీ చేయించాం. డీవీడీ ప్లేయరు రెండో సొరుగులో ఉంది, దాని ట్రే బయటికి రాదు. ఆ డీవీడీ దాని కడుపులోనే ఉంది. అంటే మా పెళ్లి ఇంట్లోనే ఉంది, చూసే దారి మాత్రం లేదు. మూడో సొరుగులో కేబుల్ వాళ్లు డిజిటల్ అన్నప్పటి నుంచి ఆపరేటర్ మారినప్పుడల్లా మిగిలిన సెటాప్ బాక్సులు, తలా ఒక అడాప్టర్‌తో. పాత టీవీ తాలూకు స్టెబిలైజర్ కూడా అక్కడే, రిటైరైనా క్వార్టర్స్ ఖాళీ చెయ్యని ఉద్యోగి.

హోమ్ థియేటర్‌కు అర చాలక తమరి పైకెక్కించాం. ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్. ముందు రెండు, నడుమ ఒకటి, మన వెనకాల రెండు ఉంటే శబ్దం చుట్టుముడుతుందని దాన్ని కనిపెట్టినవాళ్ల ఉద్దేశం. వెనక్కి వైరు లాగితే ఊడ్చేటప్పుడు చీపురుకు తగులుతుంది. కాబట్టి ఐదూ తమరి నెత్తిన ఒకే వరసలో, పెళ్లి గ్రూప్ ఫోటోకు నిలబడ్డారు. ఇవి కాక అటక మీద టీవీ అట్టపెట్టె, థర్మోకోల్‌తో సహా. టీవీ కంటే అదే మందం. ఎప్పుడైనా ఇల్లు మారితే కావాలట. ఇది సొంత ఫ్లాటు.

పారేద్దామంటే ఒప్పుకోరు. దేశంలో ఈ-వ్యర్థాలకు 2022లో కొత్త నిబంధనలు చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. మా ఇంట్లో అంతకంటే పాత చట్టం నడుస్తోంది, దాని పేరు "ఎందుకైనా పనికొస్తుంది, ఉండనీ".

తమరి తలుపుల సొగసు గురించి కూడా రెండు ముక్కలు. సెటాప్ బాక్సు రిమోట్ వెలుగు చెక్కలోంచి పోదు. అందుకని ఆ అర తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మూసి చూశాం కూడా. ఎండాకాలంలో గాలాడక లోపల బాక్సు వేడెక్కిపోయి, చెయ్యి పెడితే చురుక్కుమంది, బొమ్మ ఆగిపోయింది. పక్క అరలో కనపడకూడదని పెట్టిన వైఫై రూటర్ సిగ్నల్ పడకగది గుమ్మం దాటలేదు, ఆ తలుపూ తీసిపెట్టాం. తలుపులకు కార్పెంటరు సాఫ్ట్ క్లోజ్ కీళ్లని పెట్టి జతకు ఇంతని తీసుకున్నాడు. మెల్లగా మూసుకునే ఆ కీళ్లకు మూసుకునే యోగం లేదు. తెరిచిన తలుపు అంచు మాత్రం రాత్రి నీళ్లకు లేచినవాళ్ల మోకాలికి తప్పకుండా తగులుతుంది.

నాకు అసలు మండేది ఒక్క విషయంలో. మనం ఉన్నది కడపలో. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో వంటింటి గట్టు కింద, గోడ బీరువాల్లో అరలకు వేసే నల్లబండకు మా ఊరి పేరే పెట్టుకున్నారు. యర్రగుంట్ల వైపు వెళితే రోడ్డు పక్కన కోసిన బండలు వరసగా ఆనించి ఉంటాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఒక రాతి సముదాయానికే కడప పేరు పెట్టారు. మా పుట్టింట్లో గోడ కట్టేటప్పుడే మధ్యలో దూర్చిన కడప బండ అరలున్నాయి. చెద పట్టదు, నీళ్లు పడితే ఉబ్బదు, పాతికేళ్లు ఇనుప ట్రంకులు మోసినా ఒంగలేదు. తమరో? చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, హర్యానా యమునానగరో, కేరళ పెరుంబావూరో. నేల తుడిచిన నీళ్లకే అడుగు అంచు ఉబ్బి పొర లేచింది. మా ఊరి బండ లారీలెక్కి పరాయి ఊళ్లకు పోతుంటే, పరాయి ఊరి చెక్క మా హాల్లో కూర్చుని వేడి నీళ్ల గ్లాసు పెడితే మచ్చ పడుతుందని మమ్మల్నే కోప్పడుతోంది.

ఇప్పుడు అసలు కబురు. మా అబ్బాయి 65 అంగుళాల టీవీ కొంటానంటున్నాడు. దాని అడ్డం నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. తమరు టీవీకి వదిలిన జాగా నాలుగడుగుల రెండంగుళాలు. కార్పెంటరు వచ్చి టేపు పెట్టి చూసి, మొత్తం ఊడదీసి కొత్త యూనిట్ చేద్దాం మేడం అన్నాడు, ఈసారి సీలింగు దాకా. మా ఆయన అప్పుడే ఫోటోలు వెతుకుతున్నారు.

నేను బేల్దారి మేస్త్రీని పిలిపించాను. వచ్చే ఆదివారం వస్తున్నాడు. గోడ లైట్‌వెయిట్ బ్లాకు అని ముందే చెప్పాను, బరువు గోడ మీద పడకుండా నేల నుంచే ఇటుక దిమ్మెలు లేపి వాటి మీద ఆరడుగుల కడప బండ ఒకటి వేస్తానన్నాడు. దాని మీద ఒక సెటాప్ బాక్సు, ఒక రూటరు, ఒక సౌండ్‌బార్. టీవీకి సరైన యాంకర్లు తెప్పించాను, మూడున్నర అడుగుల దగ్గర పెన్సిల్‌తో గీత కూడా గీశాను. మా ఆయన బండకు కింద ఎల్ఈడీ పెట్టొచ్చా అని మేస్త్రీని అడిగారు. మేస్త్రీ నావైపు చూశాడు. పెట్టొద్దని చెప్పాను.

కాబట్టి శనివారం లోపు తమరు సొరుగులు ఖాళీ చేసుకోవాలి. పెళ్లి డీవీడీ బయటికి తీసేవరకు ప్లేయరును ఎవరూ పాత సామాన్లవాడికి వెయ్యకూడదు.

ఇట్లు,
తమరి గీతల ప్యానెల్ సందుల్లో దుమ్ము తుడిచే
ఇల్లాలు

తా.క.: నాలుగో సొరుగులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని రిమోట్ ఒకటి దొరికింది. ఇంట్లో ఏ వస్తువు మీద నొక్కినా పలకలేదు. దాన్ని మోసినందుకైనా తమరికి తెలిసుంటుంది, అది దేనిదో చెప్పి వెళ్లండి. అందులో బ్యాటరీలు కొత్తవి.